హే-ఆన్-వైలో పెంగ్విన్ల వేట

వేల్స్‌లోని హే-ఆన్-వై అనే చిన్న ఊరికి పాత పుస్తకాల కోసం వెళ్లేవాళ్లకు ముందుగా చిరాకు పుట్టించేది దారే. రైలు హెరిఫర్డ్ దాకానే. ఊరికి సొంత స్టేషన్ ఉండేది గానీ 1962 చివర్లో మూసేశారు. హెరిఫర్డ్ నుంచి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు బస్సే గతి. ఆ బస్సులూ అరుదే, ఆదివారమైతే మరీను. ఒకటి తప్పిపోతే టాక్సీ ఎక్కాలి. ఆ డబ్బుతో డజను పాత పెంగ్విన్ పుస్తకాలు కొనుక్కోవచ్చు. మే నెలాఖరున జరిగే సాహిత్యోత్సవం రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. గదుల అద్దెలు ఆకాశానికి ఎక్కుతాయి, షాపుల్లో అరల ముందు నిలబడే చోటుండదు.

నేను కలుసుకోబోయేది ఇద్దర్ని: నెదర్లాండ్స్ నుంచి వస్తున్న రిటైర్డ్ లెక్కల మాస్టారు, మెల్‌బోర్న్ లైబ్రేరియన్ ఆవిడ. ముగ్గురికీ ఒకటే పిచ్చి. 1935 జులైలో ఆరు పెన్నీల ధరకు పది పుస్తకాలతో మొదలైన పెంగ్విన్ అనే బ్రిటిష్ ప్రచురణ సంస్థ వరుస అది. వెన్ను మీద నంబరుంటుంది, రంగు చూస్తే రకం తెలిసిపోతుంది: నారింజ అయితే నవల, ఆకుపచ్చ అయితే డిటెక్టివ్, ముదురు నీలం అయితే జీవితచరిత్ర. నంబర్లున్నాయి కాబట్టే దేశాలు దాటి స్నేహం కుదిరింది. ఎవరి దగ్గర ఏది లేదో చెప్పుకోవడానికి ఒక్క కాగితం చాలు.

రెండు వేల మంది కూడా లేని ఈ ఊరిని పుస్తకాల ఊరుగా నిలబెట్టింది రిచర్డ్ బూత్. 1977 ఏప్రిల్ 1న తనను తాను హే రాజుగా ప్రకటించుకున్న మనిషి, 2019లో పోయాడు. షాపులు ఒకప్పటికన్నా తగ్గాయి. మేం ఎక్కువసేపు గడిపింది కోటగోడ దగ్గర ఆరుబయట పెట్టిన అరల ముందు. అక్కడ అమ్మేవాళ్లుండరు. పుస్తకం తీసుకుని డబ్బు పెట్టెలో వేసి వెళ్లడమే. అక్కడ నన్ను ఆశ్చర్యపరిచింది ఆ ఇద్దరి పద్ధతి. ఎవరి జాబితా వాళ్లు పట్టుకోలేదు, మార్చుకున్నారు. మాస్టారు చేతిలో ఆవిడ జాబితా, ఆవిడ చేతిలో నాది, నా చేతిలో మాస్టారిది. తనకు కావలసింది వెతికేటప్పుడు ఆశ తొందరపెడుతుంది, లోపాలు కంటికి ఆనవు. ఇతరుల కోసమైతే నిదానంగా, కఠినంగా చూస్తాం.

మాస్టారు పుస్తకం చూసే తీరు నేర్చుకోదగ్గది. ముందు పేరు పేజీ వెనక్కి తిప్పుతాడు. పెంగ్విన్‌లో మొదట ఏ ఏడాది వచ్చిందో ఒక వరుసలో ఉంటుంది. దాని కింద పునర్ముద్రణ సంవత్సరాలు ఉంటే అది తొలి ముద్రణ కాదు. తర్వాత చివరి పేజీల్లోని ప్రకటనలు. తొలి ఏళ్ల ప్రతులకు అట్ట పైన, అట్ట మీదున్న డిజైన్‌తోనే కాగితపు జాకెట్ కూడా ఉండేది. ఇప్పుడు అసలు విలువంతా దానిదే, మోసం జరిగేదీ దాంతోనే. జాకెట్ మీద ఇతర పుస్తకాల జాబితా ఉంటే, అందులోని ఆఖరి పుస్తకం మన ప్రతి అచ్చయిన తర్వాత వచ్చిందైతే, ఆ జాకెట్ వేరే ప్రతి నుంచి తెచ్చి తొడిగినదే. ఆ తర్వాత పుస్తకాన్ని మధ్యకు తెరుస్తాడు. రెండో ప్రపంచ యుద్ధకాలపు ప్రతులకు కుట్టుకు బదులు ఇనుప పిన్నులు కొట్టారు. అవి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. ఆకుపచ్చ ప్రతి ఒకటి అలా తెరిచాడు. పిన్ను చుట్టూ గోధుమరంగు మరక మూడు ఆకుల దాకా పాకింది, నాలుగో ఆకు శుభ్రంగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని మడతను వాసన చూశాడు. బూజు వాసన వస్తే నంబరు ఎంత అరుదైనా అక్కడే వదిలేయాలి, పక్క పుస్తకాలకు అంటుకుంటుంది. ఆ ప్రతికి వాసన లేదు, ఆవిడ జాబితాలో ఉంది, తీసుకున్నాం.

ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోకుండా మా మధ్య నమ్మకం నిలిచిందంటే కారణం పుస్తకాలు మార్చుకునే ముందు పంపుకునే ఫొటోలు. "బాగుంది" అన్న మాట ఎవరూ వాడరు. పగటి వెలుతురులో వెన్ను, రెండు అట్టలు, పేరు పేజీ, దాని వెనక వైపు, పిన్నులు, పుస్తకం మొత్తంలో అన్నిటికన్నా పాడైన పేజీ, పక్కన స్కేలు పెట్టి తీసినవి పంపాలి. ఆ పాడైన పేజీని దాచినవాళ్లతో రెండో మార్పిడి ఉండదు.

పోస్టు ఖర్చు మాత్రం గుండెలు పిండుతుంది. బ్రిటన్ నుంచి విదేశాలకు పంపే మామూలు చిన్న పార్సిల్ 2 కిలోలు దాటకూడదు, అచ్చుపుస్తకాలకైతే 5 కిలోల దాకా వేరే పద్ధతి ఉంది. పాత పెంగ్విన్ 111 బై 181 మిల్లీమీటర్లు. సన్నటివైతే కిలోకు ఏడెనిమిది తూగుతాయి. రెండేసి పుస్తకాలు తలకిందులుగా జోడించి, ఆమ్లం లేని పల్చటి కాగితంలో చుట్టి, కాస్త పెద్ద కార్డుబోర్డు ముక్కలు పైన రెండు, కింద రెండు పెట్టాలి. ప్రతి జంటలోనూ ఒక ముక్క గాడులు అడ్డంగా, రెండోదానివి నిలువుగా వచ్చేలా పెడితేనే బోర్డు వంగదు. టేపు పుస్తకానికి తగలకూడదు. పెట్టెలో ఖాళీ మిగిలితే మూలలు నలుగుతాయి, ఊపి చూసి శబ్దం రాకుండా కూరాలి.

కస్టమ్స్ కాగితం మీద అచ్చుపుస్తకాల కోడ్ 4901.99, అసలు విలువ, "పాత పుస్తకాలు" అని రాయాలి. మార్పిడిని బహుమతి అని రాయడం తప్పు. 2021 జులై 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో 22 యూరోల లోపు దిగుమతి వస్తువులకున్న వ్యాట్ మినహాయింపు పోయింది. కాబట్టి మాస్టారికి పోస్టులో పంపితే పుస్తకాల మీద 9 శాతం వ్యాట్, పైగా తెచ్చిచ్చేవాళ్ల రుసుము. చవక పుస్తకానికి రుసుమే ఎక్కువవుతుంది. ఓడలో వెళ్లేవాళ్లు సొంత వాడకానికి 430 యూరోల దాకా సామాను పన్ను లేకుండా తీసుకెళ్లొచ్చు, ఆయన వంతు చేతికే ఇచ్చేశాం. ఆవిడది, నాది పెట్టెల్లో కట్టాం. ఇండియాకు వచ్చే అచ్చుపుస్తకాల మీద 2019 బడ్జెట్‌లో 5 శాతం సుంకం వేశారని, అది నా పెట్టె లెక్కలో కలుపుకోవాలని మాస్టారికి చెప్పాను. తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఆరుబయట అరల నుంచి తెచ్చినవాటిని నేరుగా అలమరాలో పెట్టకూడదన్నది ఆవిడ నియమం. ముందు గాలికి ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి బిగించి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచాలి. కాగితం తినే సిల్వర్‌ఫిష్ పురుగులు, వాటి గుడ్లు చస్తాయి. బయటికి తీశాక సంచి వెంటనే విప్పొద్దు, ఒక రోజంతా అలాగే వదిలేయాలి. లేకపోతే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. ఇదంతా నా జాబితా వెనక రాసిచ్చి, పిన్నులున్న ప్రతుల మధ్య మాత్రం తెల్లకాగితం పెట్టమని రెండుసార్లు గుర్తు చేసింది.