ఎర్రబడిన వాల్వు

నా గిటారు యాంప్ పదిహేను వాట్లది. చివర్లో స్పీకరుని నడిపే రెండు ఈఎల్84 వాల్వులు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టాల్లాంటివి), ముందు సిగ్నల్ పెంచే చిన్న వాల్వులు, 12ఏఎక్స్7లు మూడు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పోయిన వానాకాలం మూణ్ణెల్లు మూలన పెట్టి, మళ్లీ తీసి ఆన్ చేస్తే గిటారు కంటే హమ్మే, అంటే బొయ్యిమనే మోతే, ఎక్కువ వినపడుతోంది. వాల్యూం సున్నాకి తిప్పినా అంతే.

ఇక్కడే నా తెలివంతా చూపించాను. గిటారు లావు తీగని మూడో ఫ్రెట్‌లో నొక్కి మీటితే జి స్వరం, 98 హెర్ట్జ్. హమ్ దానికి వెంట్రుకవాసి పైన ఉంది, అంటే 100. మన కరెంటు 50 హెర్ట్జ్. ఏసీని డీసీ చేసే డయోడ్లు దాటాక దాని అలలు సెకనుకి 100 అవుతాయి. వాల్వుల్ని వేడిచేసే హీటరు వైర్లదో గ్రౌండుదో గొడవైతే 50 దగ్గర, ఇంకా కింద మోగాలి. కాబట్టి ఆ అలల్ని చదును చేసే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయని తీర్పు చెప్పేసి కోఠీ గుజరాతీ గల్లీకి పోయాను. 47 మైక్రోఫారడ్ 450 వోల్టులవి రెండు, 22ది ఒకటి తెచ్చాను.

ప్లగ్గు పీకేసినా లోపల ఈ కెపాసిటర్లలో 300 వోల్టులు కూర్చునే ఉంటాయి. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, 10కె రెసిస్టరుకి క్రోకడైల్ క్లిప్పులు తగిలించి వాటిని ఖాళీ చేసి, మీటరు సున్నా దగ్గరికి వచ్చేదాకా ఆగాను. ఈ ఒక్క పనిలో మాత్రం నాకు తొందర లేదు. మూడూ మార్చాను. హమ్ పిసరంత తగ్గింది, అంతే. తగ్గిందని నాకు నేను చెప్పుకున్నానేమో కూడా.

వారం తర్వాత ఒక రాత్రి కరెంటు వోల్టేజి ఆడుతోందని గదిలో లైటు ఆపేసి వాయిస్తున్నా. వెనక్కి తిరిగి చూస్తే ఎడమవైపు ఈఎల్84లో, మధ్యలో నారింజ రంగు హీటరు కాదు, దాని చుట్టూ ఉండే బూడిదరంగు రేకే (ప్లేటు అంటారు) కొలిమిలో ఇనుములా ఎర్రగా కాలుతోంది. గబుక్కున ఆపేశాను. వాల్వు పోయిందనుకుని చల్లారాక రెండింటినీ అటూ ఇటూ మార్చా. మళ్లీ ఎడమ సాకెట్టులోదే ఎర్రబడింది. అంటే వాల్వు తప్పు కాదు.

మా వీధి చివర ఒకప్పుడు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఉన్నారు. యాంప్ మోసుకెళ్లాను.

"నేరుగా ప్లగ్గులో పెట్టావా?" అన్నారు ముందు. నేను మాట్లాడలేదు. ఆయన బోర్డుకి సిరీస్‌లో 100 వాట్ల ఫిలమెంటు బల్బు ఉంది, లోపల షార్టుంటే అదే గట్టిగా వెలిగి కరెంటుని అడ్డుకుంటుంది. ఎల్ఈడీలు వచ్చాక అది దొరకడమే కష్టమట. స్పీకరు తగిలించి ఆన్ చేశాం. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది. వాల్వులు వేడెక్కే కొద్దీ మళ్లీ మెల్లగా వెలుగు పెరుగుతూ పోయింది.

"షార్టు లేదు బాబూ. ఏదో వాల్వు మరీ ఎక్కువ తాగుతోంది. గ్రిడ్డు చూశావా?"

చూడలేదు మాస్టారూ, అన్నాను.

రెండు ఈఎల్84లూ పీకించి, బల్బు పక్కకి తప్పించి, సాకెట్టు 2వ పిన్ను దగ్గర కొలవమన్నారు. అది గ్రిడ్డు, వాల్వులో ఎంత కరెంటు పారాలో అదుపు చేసేది. కుడివైపు సున్నా. ఎడమవైపు 9 వోల్టులు. వాల్వే లేదు, మరి వోల్టేజి ఎక్కణ్ణించి వచ్చింది? ముందున్న 12ఏఎక్స్7 ప్లేటు మీద 200 వోల్టులకు పైనే ఉంటాయి. వాటిని గ్రిడ్డుకి పోనివ్వకుండా, పాట మాత్రమే దాటించాల్సింది 0.022 మైక్రోఫారడ్ కప్లింగ్ కండెన్సరు (కెపాసిటరుకే ఇంకో పేరు). అది కారుతోంది. విప్పి మీటరు మీద పెడితే విలువ నికార్సుగా 0.022 చూపించింది! అంత వోల్టేజి మీద పడితేనే దాని బండారం బయటపడేది.

హమ్ సంగతీ అప్పుడే అర్థమైంది. ఇలా రెండు వాల్వులు ఒకటి తోస్తే ఒకటి లాగేలా పనిచేసే పుష్‌పుల్ యాంప్‌లో సప్లై అలలు రెండు వాల్వులకూ సమానంగా వచ్చి, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గ్రిడ్డు మీద ప్లస్ వోల్టేజి పడ్డ వాల్వు కరెంటు లాగేస్తుంటే, రెండింటి కరెంటూ దాటే కేథోడ్ రెసిస్టరు ఉమ్మడి కాబట్టి రెండోది వాడిపోతుంది. ఇక కొట్టేసుకోవడం ఎక్కడ? నా చెవి 100 అని సరిగ్గానే చెప్పింది. దాని నుంచి నేను లాగిన అర్థమే తప్పు.

630 వోల్టుల కొత్త కండెన్సరు వేశాం. రెండో వైపుదీ మార్చేయించారు. ఎర్రగా కాలిన వాల్వుల మీద నమ్మకం లేదని బిస్కెట్ల డబ్బాలోంచి బెంగుళూరు బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాళ్ల ఈఎల్84లు జత తీసి ఇచ్చారు. "ఈ అంటే 6.3 వోల్టుల హీటరు, ఎల్ అంటే పవర్ పెంటోడు, ఐదు ఎలక్ట్రోడ్ల పవర్ వాల్వు, పేరులోనే జాతకం ఉంది" అన్నారు. సప్లై 310 వోల్టులు, కేథోడ్ మీద 10.4, దాని కింద 130 ఓమ్‌లు: రెండింటికీ కలిపి 80 మిల్లీ ఆంపియర్లు. ఒక్కో ప్లేటు మీద 11 వాట్ల పైచిలుకు, హద్దు 12. లైటు ఆపి పది నిమిషాలు చూశాం. రేకులు బూడిదరంగులోనే ఉన్నాయి. స్పీకరుకి చెవి ఆనిస్తే గానీ హమ్ తెలియలేదు.

నేను ముందు పీకేసిన ఫిల్టర్ కండెన్సర్లని కూడా ఆయన పరీక్షించారు. మూడూ భేషుగ్గా ఉన్నాయి. వాటి బదులు కొన్నవాటికి ఎంతయిందని అడిగారు గానీ, నేను గిటారు శ్రుతి చేసుకుంటూ విననట్టు ఊరుకున్నాను.