మొండికేసిన చక్రం నట్లు: నా అనుభవం

కారు చక్రం నట్టు బిగుసుకుపోయిందంటే చాలామంది ముందు చేసే పని పానా మీదికెక్కి తొక్కడం. ఆ జోలికి వెళ్లకుండానే నేను ఐదు నట్లూ విప్పాను. నాలుగు ఓపికకు లొంగాయి, ఐదోది మాత్రం మొండికేసింది. ఇదంతా వివరంగా రాయడానికి కారణముంది. ఈ పనిలో పానా జారితే దెబ్బ తగిలేది నట్టుకు కాదు, మణికట్టుకో మోకాలికో.

బ్రేక్ ప్యాడ్లు ఎంత అరిగాయో చూద్దామని ఎడమవైపు ముందు చక్రం విప్పబోయాను. టైర్లు మార్చినప్పుడు ఇంపాక్ట్ గన్‌తో, అంటే దెబ్బ మీద దెబ్బ వేస్తూ నట్లు తిప్పే యంత్రంతో బిగించిన నట్లవి. ఆ తర్వాత వాటిని ఎవరూ ముట్టుకోలేదు. చాలా కార్లకు నట్ల బిగువు 80 నుంచి 140 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటే చాలు, మన కారుకు ఎంతో మాన్యువల్లో రాసి ఉంటుంది. గన్ మీట నొక్కి అలాగే పట్టుకుంటే బిగువు ఆ హద్దును ఎప్పుడు దాటిందో బిగించేవాళ్లకే తెలియదు. దానికి వాన, బురద తోడవుతాయి. తుప్పుగా మారిన ఇనుము ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టుకూ, అది ఎక్కే మరల కడ్డీ అయిన స్టడ్‌కూ మధ్య మరల్లో ఉండేది వెంట్రుకవాసి సందు. అక్కడ తుప్పు పెరిగిందంటే నట్టు కదలదు. తప్పంతా తుప్పుదే అనుకుంటాం గానీ, నా దృష్టిలో సగం తప్పు అతిగా బిగించడానిదే.

చదునైన నేల మీద కారు ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, వెనక చక్రాలకు అడ్డుగా దిమ్మెలు పెట్టాను. జాకీ జోలికి పోలేదు. చక్రం నేల మీద ఉండగానే నట్లు సడలాలి. జాకీ మీద నిలిపిన కారును బలంగా గుంజితే అది పక్కకు ఒరిగే ప్రమాదం ఉంది.

స్టడ్ చివర బయటికి కనిపిస్తున్న మరలను వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాను. ఇది అనవసరమనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. విప్పేటప్పుడు నట్టు ఆ మరల మీదుగానే బయటికి రావాలి, అక్కడ మురికి ఉంటే దారిలో మళ్లీ పట్టేస్తుంది. తర్వాత నట్టుకూ స్టడ్‌కూ మధ్య సందులో తుప్పు వదిలించే నూనె కొట్టాను. అందరి ఇళ్లలో కనిపించే డబ్ల్యూడీ-40 తడిని తరిమేందుకు 1953లో తయారైన మిశ్రమం. అదీ కొంత పనిచేస్తుంది గానీ, మొండి తుప్పుకు సందుల్లోకి ఇంకే నూనెనే నేను నమ్ముతాను. బ్రేక్ డిస్కు మీద చుక్క పడకుండా కొద్దికొద్దిగా కొట్టి, నట్టు నెత్తిన సుత్తితో చిన్నగా తట్టాను. ఆ అదురుకు తుప్పులో సన్నని పగుళ్లు పుట్టి నూనెకు దారి దొరుకుతుంది. సాయంత్రం ఒకసారి, పడుకోబోయే ముందు మరోసారి ఇలాగే చేసి, తెల్లవారేదాకా వదిలేశాను. నూనెకు కావాల్సింది మన బలం కాదు, సమయం.

పొద్దున్న తమ్ముడు తోడు వచ్చాడు. కారుతో పాటు ఇచ్చిన పానా చూసి, "అన్నయ్యా, నేను దీని మీద నిలబడి తొక్కనా?" అన్నాడు. "వద్దురా, అది జారితే నీ కాలు విరుగుతుంది" అన్నాను. ఆ పానా పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. 60 కిలోల మనిషి తన బరువంతా దాని చివర మోపినా నట్టు మీద పడేది 175 న్యూటన్ మీటర్లే. అదే బరువును 60 సెంటీమీటర్ల కడ్డీ చివర మోపితే 350 అవుతుంది. అందుకే పొడవాటి బ్రేకర్ బార్ తెచ్చుకున్నాను. దానికి నట్టు మీద గిన్నెలా కూర్చునే ఆరు మూలల సాకెట్ తగిలించాను. పన్నెండు మూలల సాకెట్ నట్టును కొసల దగ్గరే పట్టుకుంటుంది కాబట్టి మూలలు చెరిగిపోతాయి. ఆరు మూలలదైతే పలకల మీద ఆనుతుంది.

సాకెట్ నట్టు మీద అడుగుదాకా కూర్చున్నదో లేదో వేలితో తడిమి చూసి, ముందుగా బిగించే వైపుకే కాస్త నెట్టాను. తుప్పు పట్టు వదలడానికి ఆ చిన్న కదలిక చాలు. అప్పుడు వెనక్కి తిప్పాను, కుదుపులు లేకుండా, బరువును మెల్లగా పెంచుతూ. ఇక్కడ చేతికీ చెవికీ పని ఉంటుంది. పట్టు వదిలేటప్పుడు 'టక్'మని గట్టి శబ్దం వచ్చి నట్టు ఒక్కసారిగా కదులుతుంది. అలా కాకుండా శబ్దమేమీ లేకుండా రబ్బరులా మెత్తగా సాగుతున్నట్టు అనిపిస్తే తిరుగుతున్నది నట్టు కాదు, స్టడ్ మెలిపడుతోంది. వెంటనే ఆపేయాలి. రెండో నట్టు దగ్గర నాకు ఆ మెత్తదనం తగిలింది. ఆపి, మళ్లీ నూనె కొట్టి, మిగిలినవాటి పని చూసుకుని వచ్చాక అది 'టక్'మని వదిలింది.

ఇంకో మాట. కొన్ని పాత కార్లలో ఎడమవైపు చక్రాలకు తిరగమర ఉండేది. అలాంటి కారైతే విప్పుతున్నామనుకుంటూ ఇంకా బిగిస్తూనే ఉంటాం. పాతకాలపు బండి అయితే ముందు మరలు ఎటు వాలి ఉన్నాయో చూడండి.

ఐదో నట్టు సమస్య వేరు. అది రెండు ముక్కల నట్టు, లోపల ఉక్కు, పైన మెరిసే పలుచని తొడుగు. తొడుగు కింద తుప్పు చేరి ఉబ్బడంతో 19 మిల్లీమీటర్ల సాకెట్ దాని మీదికి దిగలేదు. దగ్గరికెళ్లి చూస్తే ఒక మూల తొడుగు చీలి, లోపలి నుంచి ఎర్రని పొడి రాలుతోంది. ఉలితో ఆ చీలికను పెంచి, తొడుగును కొంచెం కొంచెంగా ఒలిచేశాను. లోపలి అసలు నట్టు మీద 18 మిల్లీమీటర్ల సాకెట్‌ను సుత్తితో కొట్టి దించాల్సి వచ్చింది. అంత బిగుతుగా కూర్చుంది కాబట్టే జారలేదు. అదీ కుదరకపోతే లోపల ఎదురు దిశలో మెలికలున్న ప్రత్యేక సాకెట్లు దొరుకుతాయి, తిప్పేకొద్దీ అవి నట్టును కొరికి పట్టుకుంటాయి. మంట పెట్టి వేడిచేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. పక్కనే టైరు, బేరింగ్ గ్రీజు, పైగా మనం కొట్టిన నూనె, అన్నీ అంటుకునేవే.

నట్లు సడలాక కారు లేపితే చక్రం హబ్‌కు, అంటే చక్రాన్ని బిగించే ఉక్కు దిమ్మెకు అతుక్కుని ఉంది. అల్యూమినియం చక్రం, ఉక్కు హబ్ తడిలో ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే ఇలాగే అవుతుంది. నట్లు ఊడిపోకుండా రెండు మూడు మరలు పట్టించి ఉంచి, రబ్బరు సుత్తితో టైరు పక్కగా చుట్టూ కొడితే ఊడొచ్చింది.

తిరిగి బిగించేటప్పుడు ఆ ఉబ్బే రకం నట్లన్నీ పక్కన పెట్టి, ఒకే ముక్కగా ఉండే ఉక్కు నట్లు వేశాను. మర కొలతా, నట్టు ఆనే చోటి వాలూ పాతవాటితో సరిచూసుకున్నాకే. స్టడ్‌ల మీద మిగిలిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడిచేశాను. మళ్లీ తుప్పు పట్టకూడదని అక్కడ నూనె రాస్తారు కొందరు. మాన్యువల్లోని బిగువు సంఖ్య సాధారణంగా పొడి మరలకు చెప్పినది. నూనె ఉంటే అదే బిగువుకు స్టడ్ ఎక్కువ సాగుతుంది. తుప్పు అడ్డుకోవాలంటే హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, లోహాలు అతుక్కోకుండా చేసే యాంటీ సీజ్ పేస్టు పలుచగా పూస్తే చాలు. నట్లను మొదట వేళ్లతోనే తిప్పి, తర్వాత ఎదురెదురుగా ఉన్నవాటిని వరుసగా బిగిస్తూ, చక్రం నేలకు ఆనాక, ఎంత బిగువు కావాలో అంతే బిగించే టార్క్ రెంచ్‌తో ముగించాను. వంద కిలోమీటర్లు తిరిగాక అదే రెంచ్ మళ్లీ పెట్టి చూశాను. ఒక నట్టు రవ్వంత తిరిగింది, మిగతా నాలుగూ కదలలేదు. మిగిలిన మూడు చక్రాల నట్లకు ఆ రాత్రే నూనె కొట్టి ఉంచాను.