రెండు రౌటర్ల మధ్య ఒక పీపీపీ లింకు

ఈ వారం ల్యాబ్‌లో రెండు సిస్కో రౌటర్లను సీరియల్ కేబుల్‌తో కలిపి, కమాండ్ లైన్ నుంచే పీపీపీ (రెండు పరికరాలను నేరుగా కలిపే పాయింట్ టు పాయింట్ ప్రోటోకాల్) లింకు ఏర్పాటు చేశాను. ఈ రౌటర్ల సీరియల్ ఇంటర్‌ఫేస్‌లు (కేబుల్ తగిలించే పోర్టులు) మామూలుగా డేటాను ఫ్రేముల్లో చుట్టి పంపడానికి సిస్కో సొంత హెచ్‌డీఎల్‌సీ పద్ధతిని వాడతాయి కనుక, ఒక చివర మాత్రమే 'ఎన్‌క్యాప్సులేషన్ పీపీపీ' అని ఇస్తే ఇంటర్‌ఫేస్ అప్ అనీ, లైన్ ప్రోటోకాల్ డౌన్ అనీ కనిపిస్తుంది. రెండో చివర కూడా అదే ఆదేశం ఇచ్చాకే లింకు నిలబడుతుంది. కేబుల్‌లో డీసీఈ (గడియార సంకేతం అందించే) వైపున్న రౌటర్‌కు క్లాక్ రేట్ (ఆ సంకేతం వేగం) ఇవ్వడం కూడా తప్పనిసరి.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది లింకు ఏర్పడే సంభాషణను తెరపై చూపే 'డీబగ్ పీపీపీ నెగోషియేషన్' ఆదేశం చూపించిన క్రమం. పీపీపీకి ప్రమాణ పత్రమైన 1994 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1661 నిర్దేశించినట్లే, ముందు ఎల్‌సీపీ (లింకును నెలకొల్పే ప్రోటోకాల్) దశలో రెండు రౌటర్లూ లింకు షరతులపై ఒప్పందానికి వచ్చాయి, తర్వాత చాప్ (ఛాలెంజ్ పంపి గుర్తింపు అడిగే పద్ధతి) ద్వారా ఒకదాన్నొకటి ధ్రువీకరించుకున్నాయి, ఆపైనే ఐపీసీపీ (ఐపీ అమరికలను కుదిర్చే ప్రోటోకాల్) ఐపీ ప్యాకెట్లకు దారి తెరిచింది. చాప్‌లో పాస్‌వర్డ్ తీగ మీద ఎన్నడూ ప్రయాణించదు. అవతలి రౌటర్ పంపిన ఛాలెంజ్‌తో (యాదృచ్ఛిక విలువతో) దాన్ని కలిపి ఎండీ5 అనే సూత్రంతో లెక్కగట్టిన హ్యాష్ (వెనక్కి విప్పడానికి ఉద్దేశించని సంక్షిప్త విలువ) మాత్రమే వెళ్తుంది. ఎండీ5 నేడు బలహీనమైనదే అయినా, ఆ ఆలోచనలోని సౌందర్యం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది. ఆదేశాలను కంఠస్థం చేసే విద్యార్థులు ఈ డీబగ్‌ను ఒక్కసారైనా ఓపికగా చదవాలని నా కోరిక.

చిరునామాల కోసం /30 (నాలుగు ఐపీ చిరునామాల గుంపు) వాడాను. అందులో నాలుగింటిలో రెండే పనికొస్తాయి కాబట్టి, ఆర్‌ఎఫ్‌సీ 3021 అనుమతించిన, ఉన్న రెండు చిరునామాలూ వాడుకోగల /31తో ఇదే లింకును మళ్లీ కట్టబోతున్నాను.