థొరాంగ్ లా దాటి ముక్తినాథ్‌కి నడిచి వెళ్లాం: నా అనుభవం

మా పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి నేపాల్‌లోని ముక్తినాథ్ వెళ్లొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. దాదాపు అందరూ పోఖరా దాకా వెళ్లి, అక్కణ్ణుంచి జీపో చిన్న విమానమో ఎక్కి దర్శనం చేసుకుని వచ్చేస్తారు. నేనూ మా తమ్ముడూ అలా కాకుండా కొండకి అవతలి వైపు నుంచి, అంటే మర్స్యాంగ్దీ నది లోయ పట్టుకుని మనాంగ్ మీదుగా నడిచి, 5416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దాటి ముక్తినాథ్‌లో దిగాం. ఈ మొత్తం చుట్టుదారినే అన్నపూర్ణ సర్క్యూట్ అంటారు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఇక్కడా, గుణుపురంలోనూ, తమ్ముడు ఉద్యోగం చేసే రాయగడలోనూ తెలిసినవాళ్లు ఎలా వెళ్లారు, ఎంత కష్టం, మేం వెళ్లగలమా అని అడుగుతూనే ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. నా మట్టుకు నాకు అర్థమైంది ఏంటంటే ఆ దారిలో కాళ్ల సత్తువ కన్నా ఆగమన్న చోట ఆగడమే కష్టం.

నాకు నలభై దాటాయి, ఉద్యోగం కుర్చీలో కూర్చుని చేసేది. అందుకని చాలా నెలల ముందు నుంచే తెల్లవారుజామున నడక మొదలుపెట్టాను, సెలవు దొరికినప్పుడల్లా బ్యాగులో బియ్యం మూట పెట్టుకుని మహేంద్రగిరి ఎక్కేదాన్ని. మోకాళ్లకీ, కొత్త బూట్లు కాలికి అలవాటు పడడానికీ ఆ కొండ చాలా ఉపయోగపడింది. కానీ ఎత్తుకి అలవాటు పడడం మన దగ్గర కుదరదు. మహేంద్రగిరి 1501 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి కూడా 1672 మీటర్లే. అసలు ఇబ్బంది 3000 మీటర్లు దాటాక మొదలవుతుంది. గాలిలో ఆక్సిజన్ శాతం ఎక్కడైనా ఒకటే, దాదాపు 21, కానీ పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గిపోతుంది కాబట్టి ఒక్కో ఊపిరిలో లోపలికి వెళ్లే ఆక్సిజన్ తగ్గిపోతుంది. థొరాంగ్ లా మీద అది సముద్రమట్టంతో పోలిస్తే ఇంచుమించు సగం. ఒంటికి దాన్ని అలవాటు చెయ్యాలంటే మెల్లగా ఎక్కడం తప్ప దగ్గర దారి లేదు.

ప్రయాణం సంగతి తొందరగా చెప్పేస్తాను. పలాస వెళ్లి హౌరా రైలు, హౌరాలో రక్సౌల్ వెళ్లే మిథిలా ఎక్స్‌ప్రెస్, రక్సౌల్‌లో సరిహద్దు దాటితే బీర్‌గంజ్, అక్కణ్ణుంచి ఖాట్మండు. మనకి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. ఆధార్ కార్డు ఒక్కటే పట్టుకుని బయల్దేరకండి. డబ్బు లెక్క తేలిక, మన 100 రూపాయలకి వాళ్ల 160, ఎప్పుడూ అదే రేటు. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి వెళ్లడానికి పర్మిట్ తీసుకోవాలి, సార్క్ దేశాల వాళ్లకి 1000 నేపాలీ రూపాయలు, దారిలో చెక్‌పోస్టుల దగ్గర అడిగి చూస్తారు, కాబట్టి బ్యాగు అడుగున పెట్టెయ్యకండి. 2023 ఏప్రిల్ నుంచి గైడు తప్పనిసరి అన్నారు. రూలు లేకపోయినా నేను గైడు లేకుండా వెళ్లమని ఎవరికీ చెప్పను, ఎందుకో కింద రాశాను.

నడక బేసీసహర్‌లో మొదలుపెట్టాం, అది 760 మీటర్లే. ఇప్పుడు మనాంగ్ దాకా జీపు రోడ్డు పడింది, చాలామంది చామే వరకు జీపులో వెళ్లిపోతున్నారు. రోడ్డు మీద దుమ్ము తినకుండా నది అవతలి ఒడ్డున పాత కాలిబాటలు ఉన్నాయి. రాళ్ల మీద, చెట్ల మీద ఎరుపు తెలుపు గీతలు కనబడితే అది అసలు దారి, నీలం తెలుపు అయితే పక్కదారి. మేం వీలైనంత వరకు ఆ బాటలే పట్టుకున్నాం. బాహున్‌డాండా దగ్గర మెట్లు మెట్లుగా కోతకొచ్చిన చోడి చేలు చూసి తమ్ముడు ఫోటోలు తీసి అమ్మకి పంపాడు, మా ఏజెన్సీ గ్రామాల్లోనూ చోళ్లే కదా. అక్కడ ఎండ మండిపోతుంది, చెమటలు కారతాయి, వెళ్లేది మంచు కొండలకేనా అనిపిస్తుంది. తాల్ అనే ఊరి దగ్గర మనాంగ్ జిల్లా మొదలవుతుంది, అప్పటిదాకా ఇరుకుగా ఉన్న లోయ అక్కడ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ధారాపానీ, చామే... చామే 2670 మీటర్లు, అక్కణ్ణుంచి దేవదారు వాసన, రాత్రికి చలి. నేను తీసుకెళ్లిన కొబ్బరినూనె సీసా ఆ పొద్దున రాయిలా బిగిసిపోయింది, తరవాత కిందికి దిగేదాకా కరగలేదు.

పీసాంగ్ తరవాత రెండు దార్లున్నాయి. కింది దారి సుఖం, పై దారి ఘ్యారు మీదుగా వెళ్తుంది. దయచేసి పై దారినే వెళ్లండి. ఘ్యారు ఎక్కడం చాలా కష్టం, వంకర్లు తిరుగుతూ సుమారు 400 మీటర్లు ఏకబిగిన ఎక్కాలి, ఇరవై అడుగులకోసారి నిలబడి గాలి పీల్చుకోవాల్సి వచ్చింది నాకు. కానీ పైకి చేరాక ఎదురుగా 7937 మీటర్ల రెండో అన్నపూర్ణ శిఖరం అడ్డం లేకుండా మొత్తం కనబడుతుంది. ఊళ్లో రాతి ఇళ్ల మధ్య ఒక ముసలావిడ సీబక్‌థార్న్ పళ్ల రసం వేడివేడిగా ఇచ్చింది, పుల్లగా, మన ఉసిరి రసం లాగే ఉంది. ఆ దారికి ఇంకో లాభం ఉంది: ఘ్యారు, న్గావల్ రెండూ 3600 మీటర్ల పైన ఉన్నాయి, 3540 మీటర్ల మనాంగ్ చేరేలోపే ఒళ్లు ఆ ఎత్తుకి అలవాటు పడడం మొదలవుతుంది.

మనాంగ్‌లో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ల చిన్న ఆసుపత్రి ఉంది. సీజన్‌లో వాలంటీర్ డాక్టర్లు వచ్చి ఉంటారు, మధ్యాహ్నం పూట ఎత్తు జబ్బు గురించి అందరినీ కూర్చోబెట్టి చెప్తారు. తప్పకుండా వెళ్లి వినండి. 3000 మీటర్లు దాటాక నిన్న పడుకున్న ఎత్తు కన్నా ఇవాళ పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి పూర్తిగా ఆగాలి, పగలు కావాలంటే ఇంకా పైకి ఎక్కినా రాత్రికి కిందికొచ్చి పడుకోవాలి. తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, నిస్సత్తువ ఉంటే అది ఎత్తు వల్లనే అనుకుని ఆగిపోవాలి, ఆగినా తగ్గకపోతే దిగిపోవాలి. ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ మాత్రలు మేం బయల్దేరే ముందే మా డాక్టరుగారిని అడిగి తెచ్చుకున్నాం. సల్ఫా మందులు పడనివాళ్ల విషయంలో జాగ్రత్త అవసరం, అందుకే సొంతంగా కొనుక్కుని వేసుకోవద్దు. వేసుకుంటే వేళ్ల చివర్లు చిమచిమలాడతాయి, మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్లాలి, దానికి భయపడక్కర్లేదు.

ఇంత విన్నాక కూడా తమ్ముడికి మనాంగ్ పైన యాక్ ఖర్కా అనే చోట ఎత్తు జబ్బు పట్టుకుంది. వాడు నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న, రోజూ వాలీబాల్ ఆడతాడు, దారంతా నాకు ముందే నడిచాడు. యాక్ ఖర్కా సుమారు 4050 మీటర్లు, మనాంగ్ నుంచి పెరిగింది ఇంచుమించు లెక్క ప్రకారమే. సాయంత్రం తల పట్టుకుని కూర్చున్నాడు, దాల్ భాత్ ముట్టలేదు, రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. ఎవరికి పడుతుందో, ఎవరికి పట్టదో ముందుగా తెలుసుకునే వీలు లేదనీ, వ్యాయామానికీ దీనికీ సంబంధం లేదనీ మనాంగ్‌లో డాక్టరమ్మ చెప్పిన మాటే నిజమైంది.

మా గైడు గురుంగ్‌ల వాడు, పెద్దాయన, మేం దాయి, అంటే అన్నయ్య, అని పిలిచేవాళ్లం. ఆయన పొద్దున్నే లాడ్జి ముందు అరుగు మీద పలకల మధ్య గీత చూపించి, తమ్ముణ్ణి ఒక కాలి మడమకి ఇంకో కాలి బొటనవేలు తగిలేలా అడుగులో అడుగు వేసి నడవమన్నాడు. తూలితే మెదడు వాచినట్టు, ఇంక ఒక్క నిమిషం కూడా ఆగకూడదట. వాడు చేతులు చాపి, కింది పెదవి కొరుక్కుంటూ ఆ గీత మీద చివరిదాకా తూలకుండా నడిచాడు. నా గుండె అప్పుడు కొంచెం నెమ్మదించింది. అయినా దాయి "కిందికే" అన్నాడు.

"అక్కా, ఇక్కడే ఒక రోజు పడుకుంటే తగ్గిపోద్ది. మళ్లీ ఇదంతా ఎక్కాలా?" అన్నాడు తమ్ముడు.

"ఎక్కుదాం రా. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఎక్కుదాం. ముందు దిగు."

"సెలవులు అయిపోతాయే."

"నేను మాట్లాడతాను మీ ఆఫీసుకి. బూట్లు తొడుక్కో."

వాడి బ్యాగు దాయి మోశాడు. మనాంగ్ చేరేసరికి వాడి మొహంలో కళ తిరిగొచ్చింది, మధ్యాహ్నానికి అన్నం అడిగాడు. ఒక్క ఐదు వందల మీటర్లు దిగితే మనిషి అంత మారిపోతాడని నేను చూడకపోతే నమ్మేదాన్ని కాదు. డాక్టరమ్మ పరీక్ష చేసి, తలనొప్పి పూర్తిగా పోయి, మందు లేకుండా నిద్రపట్టాకే మళ్లీ పైకి వెళ్లమంది. అందుకని మనాంగ్‌లో ఉండిపోయాం, గంగాపూర్ణ చెరువు దాకా నడవడం, తిరిగిరావడం, తెచ్చుకున్న సున్నుండలు తినడం, అంతే పని.

అలా ఆగి ఉన్నప్పుడే దాయి 2014 గురించి చెప్పాడు. మన వైపు వాళ్లందరూ ఇది తెలుసుకోవాలి. ఆ ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మాకు బాగా గుర్తు, మా పెద్దమ్మ వాళ్లు విశాఖలోనే ఉండేవారు, ఎన్ని రోజులో ఫోన్లు కలవలేదు, మా గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లోనూ చెట్లూ స్తంభాలూ కూలిపోయాయి. తీరం దాటింది కదా అని మనం అనుకున్నాక దాని మిగులు ఉత్తరానికి నడిచి, అక్టోబర్ 14న ఇదే థొరాంగ్ లా చుట్టుపక్కల భయంకరమైన మంచు తుఫానుగా పడింది. 40 మందికి పైగా చనిపోయారు, ట్రెక్కర్లూ, గైడ్లూ, పోర్టర్లూ, యాక్‌లు, అంటే జడల బర్రెలు, కాసుకునేవాళ్లూ. కనుమ మీద మంచులో దారి కనబడక చాలామంది అక్కడే ఉండిపోయారు. దాయికి తెలిసినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు, ఆ పేర్లు చెప్తున్నప్పుడు ఆయన మా వైపు చూడలేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాని ఏం చేసిందో చూసినదాన్ని కాబట్టి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బంగాళాఖాతంలో పుట్టిన గాలి అంత దూరం వెళ్లి, ఆ ఎత్తులో మనుషుల్ని చంపిందంటే కడుపులో దేవినట్టయింది. అక్టోబర్, నవంబర్ నెలలు మనకి తుఫాన్ల కాలం, అక్కడ అవే మంచి ట్రెక్కింగ్ రోజులు. అందుకే కనుమ ఎక్కే ముందు వాతావరణ శాఖ వాళ్ల బంగాళాఖాతం బులెటిన్ చూసుకోండి, ఇక్కడ చేపల వేటకి వెళ్లేవాళ్లు చూసుకున్నంత జాగ్రత్తగా. మేం వెళ్లింది కార్తీకంలో, అప్పుడు ఒక అల్పపీడనం ఉంది కానీ తమిళనాడు వైపు పోయింది. అది పోయిందని తేలాకే కదిలాం.

మళ్లీ యాక్ ఖర్కా, ఆ తరవాత లేదర్, రాళ్లు దొర్లే కొండచరియ దాటి థొరాంగ్ ఫేదీ. ఈసారి తమ్ముడు నా వెనకే నడిచాడు. ఫేదీలో రాత్రి నీళ్ల సీసా తలకిందులుగా పెట్టుకోవాలి, మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత వైపు నీళ్లు గడ్డకట్టకుండా ఉంటాయి. ఫోన్, టార్చి బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగులో మన పక్కనే ఉండాలి. పొద్దెక్కితే కనుమ మీద గాలి విపరీతంగా లేస్తుంది, అందుకే తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. హై క్యాంప్ దాకా నిట్టనిలువు, ఆ తరవాత వాలు తక్కువే అయినా ఎంతకీ తరగదు. ఒక అడుగు, ఒక ఊపిరి, అలాగే లెక్కపెట్టుకుంటూ నడిచాను. అదిగో శిఖరం అనుకున్న ప్రతి గుట్ట వెనకా ఇంకో గుట్ట ఉంది. వేలికి ఆక్సీమీటర్ పెడితే డెబ్బైల్లో చూపించింది. తమ్ముడు పది నిమిషాలకోసారి "అక్కా, బావున్నావా?" అని అడుగుతూనే ఉన్నాడు, నేనూ వాణ్ణి అదే అడుగుతున్నాను. రంగు జెండాల తోరణాలు కనబడ్డప్పుడు నాకు ఏడుపొచ్చేసింది, తమ్ముడి భుజం పట్టుకుని గట్టిగా ఏడ్చాను. దాయి ఇద్దరికీ వేడి నీళ్లు పోసి, పావుగంట కన్నా ఎక్కువ ఉండనివ్వలేదు.

దిగడం ఇంకా కష్టం. ఒక్క రోజులో 1600 మీటర్లు, గులకరాళ్ల మీద జారుతూ. కర్రలు రెండూ లేకపోతే నా మోకాళ్లు ఇప్పటికీ మంచం మీదే ఉండేవి. మధ్యాహ్నానికి ముక్తినాథ్ చేరాం. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో సాలగ్రామ క్షేత్రం ఇదేనంటారు, గుడి వెనక 108 ధారలు పడుతుంటాయి, పక్కనే జ్వాలామాయి గుళ్లో నేలలోంచి వచ్చే సహజవాయువుతో చిన్న నీలి మంట ఆరకుండా వెలుగుతుంటుంది. హిందువులూ బౌద్ధులూ ఇద్దరూ కొలుస్తారు. ఆ ధారల కింద తల పెట్టాను, చలికి మాట రాలేదు, అమ్మ చెప్పిన గోత్రనామాలు తమ్ముడే చదివాడు.

మా అమ్మని వచ్చే ఏడు పోఖరా వైపు నుంచి జీపులో తీసుకెళ్దామనుకుంటున్నాం. పోఖరా 800 మీటర్ల పైచిలుకు, ముక్తినాథ్ దాదాపు 3800. ఒక్క రోజులో ఆ తేడా ఎక్కించేసే టూర్లు మన ఊళ్లలో బోలెడు, పెద్దవాళ్లకి అది అసలు మంచిది కాదు. పైకి వెళ్లేటప్పుడు మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో, అంటే 2700 మీటర్ల దగ్గర, ఒక రాత్రి ఆపించండి, ఇంకో రాత్రి కుదిరితే మరీ మంచిది. పొద్దున్నే వెళ్లి దర్శనం చేసుకుని అదే రోజు కిందికి వచ్చేసేలా చూసుకోండి. జోమ్‌సోమ్‌లో పొద్దు ఎక్కాక గాలి చాలా జోరుగా ఉంటుంది, చెవులకి మఫ్లర్ తప్పనిసరి. బీపీ, గుండె మందులు వాడేవాళ్లు టికెట్ల కన్నా ముందు డాక్టరుగారి దగ్గరికి వెళ్లండి. ఖర్చులు, బూట్ల సైజు, సామాను గురించి ఇంకేమైనా కావాలంటే అడగండి, తెలిసినంత చెప్తాను.