పన్నెండు రావాలి, నాకు పదకొండు వచ్చాయి

ఇవాళ మధ్యాహ్నమే ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకునేవాళ్లకిచ్చే లెర్నర్ లైసెన్సు, చేతికొచ్చింది. 47 ఏళ్ల వయసులో, రెండో దఫాలో.

20 ఏళ్లుగా నల్లగొండ గడియారం సెంటర్ చుట్టూ ఎక్సెల్ బండి మీద దుకాణాలకు గుడ్ల ట్రేలు వేస్తున్నాను. బండి పడి పగిలిన గుడ్డు ఒక్కటి లేదు. ఎక్సెల్‌కి లైసెన్సు అక్కర్లేదని మా బజారంతా నమ్మకం, నేనూ నమ్మాను. తప్పు. చట్టం లెక్కలో అది గేర్ లేని మోటార్ సైకిల్. 50 సీసీ లోపు బండైతే 16 ఏళ్లకే ఇస్తారు, అంతే తేడా. లైసెన్సు మాత్రం ఉండాల్సిందే.

ఫీజు, ఆధార్, స్లాటు అన్నీ మా బిడ్డ ఫోన్లోనే అరగంటలో చేసింది. అయినా పరీక్ష రోజు ఆర్టీవో ఆఫీసు గేటు దగ్గర ఒక ఏజెంటు "లోపల అంతా నేను చూసుకుంటా అన్నా" అంటే 500 ఇచ్చాను. లోపల చూసుకోవాల్సింది కంప్యూటర్ తెర, దాని ముందు కూర్చున్నది నేను. వాడు చూసుకుంది నా 500.

20 ప్రశ్నలు, 12 రావాలి. మొదటి బొమ్మే నన్ను ముంచింది. నీలం గుండ్రం, చుట్టూ ఎర్ర అంచు, మధ్యలో అడ్డంగా రెండు గీతలు, ఇంటూ గుర్తులాగా. నో పార్కింగ్ అని నొక్కాను. కాదట, అసలు ఆగనే కూడదట! నో పార్కింగ్‌కి ఒక్కటే గీత. తర్వాత వన్‌వే రోడ్డులో ఏం చేయకూడదని అడిగింది. బండి పెట్టకూడదు అన్నాను. మా దగ్గర పెడితే తాళం వేస్తారు మరి. జవాబేమో, రివర్స్ గేర్‌లో నడపకూడదు. నా బండికి రివర్స్ గేరే లేదు, నాకేం తెలుసు? ఇంకో ప్రశ్నలో "అధిగమించుట" అని ఉంది. ఓవర్‌టేక్ అని రాస్తే వీళ్ల సొమ్మేం పోయింది?

పక్క కుర్చీలో ఇంటర్ పిల్లగాడు నా సగం టైంలో లేచిపోయాడు. నాకు పదకొండు. అక్కడున్నాయన హాలంతా వినపడేలా "పెద్దాయనా, ఫెయిల్. మళ్లీ స్లాటు పెట్టుకో" అన్నాడు. ఫెయిల్ అన్నందుకు కాదు, పెద్దాయనా అన్నందుకు మండింది. ఆయన నాకంటే చిన్నవాడేం కాదు.

రాత్రి మా బిడ్డ గచ్చు మీద సుద్దతో రోడ్డు గీసి చింతపిక్కలు పెట్టింది.

"బాపూ, ఈ పిక్క నువ్వు. ట్రే దించి వెంటనే కదిలితే ఆగినట్టు. పైసల కోసం సేటుతో ముచ్చట పెడితే పార్కింగ్."

"ఇంజన్ బంద్ చేయలేదు కదనే."

"ఇంజన్‌తో పని లేదు. దించే పని అయిపోయిందా లేదా, అంతే."

ఆ లెక్కన 20 ఏళ్లలో నేను ఉత్తగా ఆగింది చాలా తక్కువ. సేట్లు పైసలు చేతిలో పెట్టేసరికి పావుగంట.

గుండ్రం బోర్డు ఆజ్ఞ, మూడు మూలలది హెచ్చరిక, పలక లాంటిది సమాచారం అని కూడా నేర్పింది. తలకిందుల త్రికోణం మాత్రం హెచ్చరిక కాదు, అవతలివాడికి దారివ్వమని ఆజ్ఞ. ఇది పట్టుకోండి, చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఏజెంటుకి ఇచ్చే పైసలతో చింతపండు కొనుక్కోండి, పిక్కలు ఊరికే వస్తాయి.

రెండోసారి 18 వచ్చాయి. అదే ఆయన కాగితం ఇచ్చాడు, ఈసారి ఏమీ అనలేదు. నేను మాత్రం "వస్తా తమ్మీ" అన్నాను.

ఈ కాగితం 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు దాటాక బండి నడిపి చూపించాలి, ఎనిమిది అంకె వేయాలట. గుడ్ల ట్రేలు కట్టుకుని వేయమన్నా వేస్తాను.