మొహం చాటేయని ఉపవాసం

ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాస కాలాన్ని లెంటు అంటాం. అది మొదలయ్యే భస్మ బుధవారానికి ఇంకా రెండు రోజులుండగానే మా తెలుగు క్రైస్తవుల వాట్సాప్ గ్రూపులో లిస్టులు మొదలయ్యాయి. ఒకరు చికెన్ మానేస్తున్నారు, ఒకరు కాఫీ, ఇంకొకరు ఇన్‌స్టాగ్రామ్. "ఆదివారాలు నలభైలో లెక్కకు రావు కదా, ఆదివారం బిర్యానీ తినొచ్చా?" అని ఒక తమ్ముడు అడిగితే గంటలో ముప్పై జవాబులు వచ్చాయి. లెక్క కరెక్టే. బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా 46 రోజులు, ఆరు ఆదివారాలు తీసేస్తే 40. కానీ ఆ ముప్పై మందిలో ఒక్కరు కూడా బైబిల్లో ఉపవాసం గురించి దేవుడు మాట్లాడిన యెషయా 58వ అధ్యాయం తెరవలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇంతా చేసి ఆ అధ్యాయం ముందు నిలబడాల్సి వచ్చినప్పుడు నా పరిస్థితి ఏమైందో కూడా చెప్తాను.

మేముండేది పిట్స్‌బర్గ్ దగ్గర. వెళ్ళేది ఒక చిన్న ప్రెస్బిటేరియన్ చర్చి, అంటే సంఘ పెద్దల పాలన ఉండే చర్చి. ఆదివారం అరవై మంది వస్తే ఎక్కువ. నేను పుట్టి పెరిగింది మదనపల్లె సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో. మా ఊరికి సువార్త తెచ్చింది అమెరికా రిఫార్మ్‌డ్ చర్చి వాళ్ళు 1853లో మొదలుపెట్టిన ఆర్కాట్ మిషన్. అదీ సంఘ పెద్దల పాలన ఉన్న చర్చే. 1908లో దక్షిణ భారత ఐక్య సంఘం, 1947లో సీఎస్ఐ ఏర్పడ్డాక ఆ పేర్లన్నీ కలిసిపోయాయి. అందుకే ఇక్కడ పెద్దలు లేచి ప్రభు బల్ల (యేసు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం) పళ్ళేలు అందుకుంటుంటే నాకు కొత్తగా అనిపించలేదు. పరాయి దేశంలో పుట్టింటి వాసన తగిలినట్టయింది.

ఒక విషయం మనవాళ్ళు చాలామందికి తెలియదు. ప్రెస్బిటేరియన్లు మొదట్లో లెంటు ఆచరించేవాళ్ళే కాదు. 1522లో జ్యూరిక్‌లో ఒక ముద్రాపకుడి ఇంట్లో లెంటు రోజుల్లోనే సాసేజ్‌లు తిన్నారు. ఈ సంప్రదాయానికి పునాది వేసినవాళ్ళలో ఒకడైన సంస్కర్త జ్వింగ్లీ అక్కడే ఉన్నాడు. తాను తినలేదు గానీ తిన్నవాళ్ళను వెనకేసుకొచ్చాడు. తర్వాత స్కాట్లండ్ వాళ్ళు వాక్యంలో లేదంటూ పండుగ దినాలన్నీ పక్కన పెట్టారు. మన దగ్గర ఇప్పుడు జరుగుతున్న, నుదుటి మీద బూడిద పెట్టే ఆరాధన చూస్తే ఆ పాతకాలపు పెద్దలు గుడి బయటే నిలబడేవాళ్ళేమో. వాళ్ళు మాంసం మానలేదు, నిజమే. కానీ ఒక్కచోట వాళ్ళు పట్టుకున్న పట్టు మన నలభై రోజుల కంటే గట్టిది. దాని దగ్గరికి వస్తాను.

బుధవారం సాయంత్రం ఆరాధనలో యెషయా 58 ఇంగ్లీషులో చదివారు. నా ఒళ్ళో అమ్మ తెలుగు బైబిలు ఉంది. అట్ట ఊడిపోతే ఎప్పుడో నల్ల దారంతో కుట్టింది అమ్మ. ఇంగ్లీషు చెవిలో పడుతుంటే వేలు తెలుగు మీద నడుస్తోంది. ఆకలిగొన్నవాడికి ఆహారం, సరే. దిక్కులేనివాళ్ళకు ఇల్లు, సరే. వస్త్రహీనుడికి బట్టలు, సరే. మధ్యలో ఒక మాట దగ్గర వేలు ఆగిపోయింది. "నీ రక్తసంబంధికి ముఖము తప్పింపకుండుటయు."

ఎన్నిసార్లు చదివాను ఈ వచనం! ఎన్ని స్త్రీల కూటాల్లో దీని మీద మాట్లాడాను! ఎప్పుడూ ఆహారం, బట్టల దగ్గరే ఆగేదాన్ని. అవి తేలిక కదా. డబ్బుతో అయిపోతాయి. ముఖం తప్పించడం అంటే మనం రోజూ అనే మాటలో మొహం చాటేయడం. దేవుడు ఉపవాసం గురించి చెప్తూ చెప్తూ కడుపును వదిలి మొహం దగ్గరికి వచ్చేశాడు.

ఆ అధ్యాయాన్ని మొదటి నుంచి చదవండి. జనం అడిగేది ఏంటి? "మేము ఉపవాసము ఉండగా నీవెందుకు చూడవు?" దేవుడు తమ వైపు చూడడం లేదని వాళ్ళ ఫిర్యాదు. దానికి జవాబు, నువ్వు నీ తోడబుట్టినవాడి వైపు చూస్తున్నావా అని. నువ్వు అటు మొహం తిప్పుకుని, నీ వైపు నన్ను చూడమంటావేం? నాలుగో వచనంలో ఇంకా కుండబద్దలు కొట్టాడు, మీరు కలహపడుతూ, వివాదం చేస్తూ ఉపవాసం ఉంటున్నారని. కడుపు ఖాళీ, నోటినిండా తగాదా.

ఆ రాత్రే చదివిన మత్తయి ఆరో అధ్యాయంలోనూ మొహమే ఉంది. ఉపవాసం ఉన్నవాళ్ళు మొహాలు వికారం చేసుకోవద్దు, తల అంటుకుని మొహం కడుక్కోమన్నాడు ప్రభువు. అసలు మన భాషలోనే ఎన్ని మొహాలు ఉన్నాయో చూడండి. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? వాడి మొహం చూడను. మొహం మీదే తలుపేసింది. మొహమాటంలో కూడా మొహం ఉంది. మనుషుల మధ్య తెగినా అతికినా అది మొహం దగ్గరే.

మా పాస్టరమ్మ ఒక్కొక్కరి ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూసి, "నీవు మన్నే గనుక తిరిగి మన్నైపోదువు" అనే మాట ఇంగ్లీషులో చెప్పి నుదుటి మీద బూడిద పెట్టింది. పోయినేడాది మట్టల ఆదివారం (ఈస్టర్ ముందు ఆదివారం) నాటి ఆకులు కాల్చి, చేసిన బూడిద. నా ముందు ఒక పెద్దాయన, నా వెనక ఒక పెద్దావిడ. పాత ఆర్గన్ బాగుచేయించాలా, కిచెన్ పైకప్పు వేయించాలా అన్న గొడవలో వాళ్ళిద్దరికీ మాటల్లేవు. నాలుగేళ్ళుగా ఆయన కుడివైపు బెంచీ, ఆవిడ ఎడమవైపు బెంచీ. ఇద్దరి నుదుళ్ళ మీదా ఒకే గిన్నెలో బూడిద. చూశారా వీళ్ళ భక్తి అని లోపల నవ్వుకున్నాను కూడా.

ఇంటికి వచ్చి మదనపల్లెలో ఉన్న మా అక్క కూతురికి వీడియో కాల్ చేశాను. మాకు రాత్రి ఎనిమిది, వాళ్ళకు తెల్లవారి ఆరున్నర. పిల్ల బ్రష్ చేసుకుంటూ మాట్లాడుతోంది. వెనక వంటింట్లోంచి అక్క నీళ్ళ బిందెతో వచ్చింది. ఫోన్‌లో నా మొహం కనబడగానే ఆగింది. నా వేలు దానంతట అదే కెమెరా ఆపేసింది. "నెట్‌వర్క్ సరిగ్గా లేదమ్మా" అన్నాను.

నెట్‌వర్క్ బాగానే ఉంది.

అమ్మ పోయాక ఇల్లు అమ్మారు. నా వాటా తగ్గిందని నా లెక్క. అమ్మ ఆఖరి ఏడాదిన్నర మంచం పట్టినప్పుడు బెడ్‌పాన్ దగ్గర్నుంచీ చేసింది తనేనని, ఆ లెక్క ఎవరు కడతారని అక్క మాట. రెండున్నరేళ్ళుగా మా మధ్య మాటలన్నీ పిల్ల ద్వారానే. పండక్కి చీరలు పంపిస్తాను. ఇక్కడి నుంచి ఎవరు వెళ్తున్నా చాక్లెట్లు, విటమిన్ బిళ్ళలు ఇచ్చి పంపిస్తాను. వస్తువులు వెళ్తున్నాయి, నేను మాత్రం వెళ్ళడం లేదు.

ఆ రాత్రి అద్దంలో నా నుదుటి బూడిద చూసుకుంటే బైబిల్లోని యాకోబు గుర్తొచ్చాడు. అన్న ఏశావుతో ఆస్తి గొడవ పెట్టుకుని పారిపోయి, ఇరవై ఏళ్ళు పరదేశంలో సంపాదించుకున్నవాడు. నాకూ ఈ దేశంలో ఇది ఇరవయ్యో ఏడు. ఏశావు ఎదురొస్తున్నాడని తెలిసి యాకోబు ఏం చేశాడు? ముందు కానుకలు పంపాడు. 200 మేకలు, 20 మేకపోతులు, 200 గొర్రెలు, 20 పొట్టేళ్ళు, పిల్లలతో 30 ఒంటెలు, 40 ఆవులు, 10 ఆబోతులు, 30 గాడిదలు. మొత్తం 550. నా చీరలూ చాక్లెట్లూ దీని ముందు ఎంత! అంతా పంపి, వెనక తను. ఆ రాత్రి యబ్బోకు రేవు దగ్గర దేవుడు వాణ్ణి పట్టుకుని తెల్లవార్లూ వదలలేదు. తుంటి ఎముక తొలిగింది. కుంటుకుంటూ అన్న ఎదుటికి వెళ్ళాడు. ఏశావు పరిగెత్తుకొచ్చి కౌగలించుకున్నాడు. అప్పుడు యాకోబు అన్న మాట, "దేవుని ముఖము చూచినట్లు నీ ముఖము చూచితిని." ముందు రాత్రే కదా దేవుణ్ణి ముఖాముఖిగా చూశానని ఆ చోటికి పెనూయేలు, అంటే దేవుని ముఖం, అని పేరు పెట్టింది? మర్నాడు అదే మాట అన్న మొహానికి వాడాడు. నేను ఇన్నేళ్ళూ ఇవి రెండు వేరు వేరు కథలనుకున్నాను.

ఇప్పుడు ఆ స్కాట్లండ్ పెద్దల సంగతి. లెంటు లేదు గానీ ప్రభు బల్లకు ముందు వాళ్ళకు ఒక ఉపవాస దినం ఉండేది, మామూలుగా గురువారం. బల్లకు రావాలంటే చేతిలో ఒక చిన్న బిళ్ళ ఉండాలి. ఎక్కువగా సీసంతో పోతపోసినవి, మీద ఆ సంఘం పేరు తాలూకు అక్షరాలు, కొన్నిటి మీద సంవత్సరం. ఆ బిళ్ళలు ఇచ్చేది పెద్దలు. విశ్వాసం గురించి అడిగేవాళ్ళు, నడవడి చూసేవాళ్ళు, ఎవరితోనైనా తగాదా ఉంటే అది తీర్చుకుని రమ్మనేవాళ్ళు. సమాధానపడకపోతే బిళ్ళ లేదు, బిళ్ళ లేకపోతే బల్ల లేదు. మొండితనం అనండి, పెత్తనం అనండి. నిజంగానే పెత్తనం చేసిన పెద్దలూ ఉండే ఉంటారు, మన కమిటీల్లో లేరా? కానీ "మొదట వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము" అన్న మాటను ఒక లోహపు బిళ్ళగా మార్చి చేతిలో పెట్టారు చూడండి, ఆ పని మాత్రం నాకు నచ్చింది. పైగా ప్రభువు ఏమన్నాడు? నీకు వాడి మీద కోపం ఉంటే అనలేదు, "నీమీద నీ సహోదరునికి" విరోధం ఉందని గుర్తొస్తే అన్నాడు. తప్పెవరిదన్న లెక్క అక్కడ లేనే లేదు. ఆ మాట దగ్గర నా ఇంటి లెక్కలన్నీ కొట్టుకుపోయాయి.

మాకు లెంటులో ప్రతి బుధవారం చర్చి కింద హాల్లో సూప్ సప్పర్ ఉంటుంది. నాలుగైదు ఇళ్ళవాళ్ళు సూపులు తెస్తారు, బ్రెడ్డు ఉంటుంది, అంతే. ఆ పూట భోజనానికి అయ్యే ఖర్చు అట్టతో చేసిన చేప బొమ్మ డబ్బాలో వేస్తాం. 1949 నుంచి నడుస్తున్న 'వన్ గ్రేట్ అవర్ ఆఫ్ షేరింగ్' కానుకకు అది వెళ్తుంది. ఆకలి, విపత్తుల సహాయానికి. మానేసింది ఎక్కడికి వెళ్ళిందో తెలిసే ఉపవాసం ఇది. మన గ్రూపులో మానేసిన చికెన్ డబ్బులు ఎక్కడికి వెళ్ళాయో ఎవరైనా చెప్తారా? నేను పప్పుచారు చేసుకెళ్తాను. వాళ్ళు లెంటిల్ సూప్ అంటారు, అననీ. మూడో బుధవారం ఆ ఎడమ బెంచీ పెద్దావిడ గిన్నె పట్టుకుని ఖాళీ కుర్చీ కోసం చూస్తోంది. ఖాళీగా ఉన్నది ఒక్కటే, ఆ పెద్దాయన ఎదురుగా. నేను గరిటె పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. ఆవిడ కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ గిన్నెల్లోకే చూసుకున్నారు. తర్వాత ఆయన బ్రెడ్డు బుట్ట ఆవిడ వైపు జరిపాడు. ఆర్గన్ ఇంకా బాగుకాలేదు, పైకప్పూ పడలేదు.

భస్మ బుధవారం రాత్రి నవ్వుకున్నానే, ఆ నవ్వు అక్కడ గొంతులో ఇరుక్కుంది.

"ఉమ్మివేయువారికిని అవమానపరచువారికిని నా ముఖము దాచుకొనలేదు." ఇది యెషయా 50లో దేవుని సేవకుడి మాట, యేసు గురించేనని మన నమ్మకం, ఈస్టర్ ముందు శ్రమల వారంలో చదువుతాం. ఉమ్మేసినవాళ్ళ నుంచి కూడా మొహం దాచుకోలేదయ్యా ఆయన! యాభై మూడో అధ్యాయంలో ఆయన "మనుష్యులు చూడనొల్లనివాడు". మనం చూడం, ఆయన దాచుకోడు. శిష్యుడు పేతురు యేసును ఎరగనని మూడోసారి అన్నప్పుడు కోడి కూసింది, "ప్రభువు తిరిగి పేతురువైపు చూచెను." లూకా ఒక్కడే రాశాడీ మాట. ఒక్క మాట అనలేదు, తిట్టలేదు, చూశాడంతే. అటు బంధించి నిలబెట్టారు, ఇటు దెబ్బలు, ఆ మధ్యలో కూడా తిరిగి చూడడానికి ఆయనకు తీరిక ఉంది. మనకు లేదు. మనకు నెట్‌వర్క్ ఉండదు!

అక్కలారా, తమ్ముళ్ళారా, చికెన్ తినండి, మానండి, మీ ఇష్టం. రేపు, ఈస్టర్ ముందు గురువారం రాత్రి, ప్రభు బల్ల రొట్టె పళ్ళెం బెంచీ మీదుగా చేతులు మారుతూ వస్తుంది. మా దగ్గర పక్కవాళ్ళకు మనమే అందించాలి, అందించేటప్పుడు మొహం చూడక తప్పదు. ఆ పళ్ళెం వచ్చేలోపు మీరు ఎవరి ఫోన్ ఎత్తడం లేదో వాళ్ళ ఫోన్ ఎత్తండి. ఎవరు కనబడితే గుడిలో రెండో తలుపు నుంచి వెళ్ళిపోతున్నారో, ఆ తలుపు ఈ ఒక్క వారం వాడకండి. కానుక పంపి ఊరుకోకండి. యాకోబు 550 పంపి కూడా తానే నడిచి వెళ్ళాల్సి వచ్చింది.

నాలుగో వారం నేను అక్కకే నేరుగా చేశాను. ఎత్తలేదు. మర్నాడు చేశాను, ఎత్తింది, కెమెరా పప్పుల డబ్బా వైపు తిప్పి పెట్టింది. పది నిమిషాలు కందిపప్పు డబ్బాతో మాట్లాడాను. పోయిన ఆదివారం, మట్టల ఆదివారం, తనే చేసింది. జుట్టు తెల్లబడిపోయింది మా అక్కకి. నాకెవరూ చెప్పలేదు. "లావయ్యావే" అంది. ఇంటి డబ్బుల మాట తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ లెక్క అలాగే ఉంది.

ఈస్టర్ తెల్లవారుజామున ఐదింటికి వాళ్ళు సమాధుల తోటలో ఆరాధనకు వెళ్తారు. మాకప్పటికి శనివారం రాత్రి ఏడున్నర, ఇక్కడ ప్రభువు ఇంకా సమాధిలోనే ఉంటాడు. అక్కడ మాత్రం లేచేసి ఉంటాడు. అమ్మ సమాధి దగ్గర కొవ్వొత్తి పెట్టి వీడియో కాల్ చేస్తానంది అక్క. సమాధికి సున్నం వేయించిందట, అరుగు పగిలితే సిమెంటు కూడా పూయించిందట. అయినదాంట్లో సగం నన్ను పంపమంది. ఎంతైందని అడగకుండా, ఎంత చెప్తే అంత పంపాను.