అల్సర్ వస్తే కారం డబ్బా ఒక్కటే దాచేస్తే సరిపోదు

కడుపులో పుండు అనగానే మన ఇళ్ళల్లో నేరం మోపేది ముందు కారం మీదే. మాది గుంటూరు వైపు కాబట్టి ఇక చెప్పక్కర్లేదు. అమ్మకి ఎండోస్కోపీలో (నోట్లోంచి కెమెరా గొట్టం దింపి కడుపు లోపల చూసే పరీక్ష) అల్సర్ అని తేలిన దగ్గర్నుంచి పలకరించడానికి వచ్చినవాళ్ళంతా "ఆ పచ్చళ్ళు తినీ తినీ తెచ్చుకుంది" అని తీర్పు చెప్పి, పోతూ పోతూ తలా ఒక పథ్యం పెట్టి వెళ్ళారు. చల్లటి పాలు తాగమని ఒకరు, పరగడుపున క్యాబేజీ రసమని ఒకరు, పెరుగన్నం తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని ఇంకొకరు. ఏం బిళ్ళలు వేసుకుంటున్నావని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అడిగింది డాక్టరుగారే. ఇంట్లో ఉన్న మందులన్నీ పొట్లాలతో సహా తెమ్మన్నారు. అమ్మ సంచి బోర్లించింది. బీపీవి, షుగరువి పక్కకి తీసేస్తే మిగిలినవి మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి, స్ట్రిప్పు కత్తిరించి ఇవ్వడంతో పేరులో చివరి ముక్క "ఫెనాక్" ఒక్కటే మిగిలింది. డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో, ఏదైనా కడుపుకి చేసే పని ఒకటే. పొట్ట గోడని యాసిడ్ నుంచి కాపాడే జిగురు పొర ఉంటుంది కదా, అది సరిగ్గా ఉండాలంటే ఒంట్లో తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు కావాలి. నొప్పినీ వాపునీ పెంచేవి కూడా ఆ జాతివే. బిళ్ళ వాటన్నిటినీ కలిపి తగ్గించేస్తుంది, నొప్పి పోతుంది, పొర పలచబడుతుంది. ఇది రక్తంలోంచి జరిగే వ్యవహారం కాబట్టి అన్నం తిన్నాక వేసుకున్నా, బిళ్ళ మానేసి ఇంజెక్షన్ పొడిపించుకున్నా ముప్పు పూర్తిగా తప్పదు.

అమ్మ విషయంలో రెండో దొంగ కూడా దొరికాడు. ఎండోస్కోపీలో పొట్ట గోడ నుంచి తీసిన చిన్న ముక్కని టెస్ట్ కిట్‌లో వేస్తే పసుపు రంగు కాస్తా గులాబీకి తిరిగింది, అంటే హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉన్నట్టు. అల్సర్ అంటే టెన్షన్, కారం అని ప్రపంచమంతా అనుకుంటున్న రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ దీన్ని పట్టుకున్నారు. ఎవరూ నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవం తనే గటగటా తాగేసి కడుపు లోపలి పొరకి వాపు తెచ్చుకున్నాడు! 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ కథ విని మా అమ్మ అన్నది ఒకటే మాట, "అయితే నా ఆవకాయ తప్పేం లేదన్నమాట."

పుట్టించడంలో లేదు, నిజమే. కానీ ఉన్న పుండు మీద మంట పెంచుతుంది కాబట్టి మానేదాకా ఆవకాయ, పండుమిరప పచ్చడి, పొద్దున్నే ఖాళీ కడుపున కాఫీ ఆపింది. మిగతాదంతా మామూలు తిండే, ఇడ్లీ, కందిపప్పు, సొరకాయ, బీరకాయ, మజ్జిగ. ఇంట్లో అందరూ తిన్నాక మూడింటికి తినే అలవాటు మాన్పించడానికే ఎక్కువ గొడవ పడాల్సి వచ్చింది. పాల సంగతి చెప్పాలంటే, 1915లో షికాగోలో సిప్పీ అనే డాక్టరు గంటగంటకీ పాలు, మీగడ పట్టే పథ్యం మొదలుపెడితే అది దశాబ్దాలు నడిచింది. పాలు తాగిన కాసేపు హాయిగానే ఉంటుంది, ఆ తర్వాత యాసిడ్ ఇంకా ఊరుతుంది, అందుకే ఆ పద్ధతి వదిలేశారు. పుండుని మాన్పే తిండంటూ ఏదీ లేదు, మాన్పేది మందే. చుట్ట, సిగరెట్, తాగుడు అలవాట్లుంటే మందు వాడినా పుండు మానడం ఆలస్యమవుతుంది.

మందు అంటే రెండు వారాలు యాంటీబయాటిక్స్, తోడుగా యాసిడ్ తగ్గించే బిళ్ళ, అదే మనం గ్యాస్ బిళ్ళ అనేది. నోరంతా చేదు, వికారం, అమ్మ రోజూ తిట్టుకుంటూనే వేసుకుంది. నొప్పి తగ్గింది కదా అని మధ్యలో ఆపితే బ్యాక్టీరియా మొండికేస్తుంది, మళ్ళీ అవే మందులు పనిచేయకపోవచ్చు. గ్యాస్ బిళ్ళ తినడానికి అరగంట ముందు వేసుకోవాలి, మనలో చాలామంది టిఫిన్ అయ్యాక గుర్తొచ్చి వేసుకుంటారు. యాంటీబయాటిక్స్ అయిన నెలకి, గ్యాస్ బిళ్ళ రెండు వారాలు ఆపి, శ్వాస పరీక్షో మల పరీక్షో చేయించి బ్యాక్టీరియా పోయిందో లేదో చూడాలి. రక్త పరీక్షతో అది తేలదు, బ్యాక్టీరియా పోయినా దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలు చాలా కాలం ఉండిపోతాయి. పుండు చిన్నపేగు మొదట్లో కాక జీర్ణాశయంలోనే ఉంటే, మళ్ళీ ఎండోస్కోపీ చేద్దామంటే డబ్బు గుంజడానికే అనుకోకండి, కొన్ని క్యాన్సర్లు చూడ్డానికి అల్సర్‌లాగే ఉంటాయి.

విరేచనం తారులా నల్లగా అవుతున్నా, వాంతిలో రక్తం గానీ కాఫీ పొడి లాంటిది గానీ కనిపించినా, కడుపు బిగుసుకుపోయి భరించలేని నొప్పి వచ్చినా పథ్యం, గిథ్యం పక్కనపెట్టి ఆసుపత్రికి పరిగెత్తాలి. ఐరన్ బిళ్ళలకి కూడా నలుపు వస్తుంది గానీ అది ఇంట్లో కూర్చుని తేల్చుకునే విషయం కాదు.

ఇదంతా విని మా బాబాయి ఫోన్ చేశాడు. ఆయనకి గుండెలో స్టెంట్ వేశారు, రోజూ ఆస్పిరిన్ వేసుకుంటాడు, అదీ అమ్మ వేసుకున్న నొప్పి బిళ్ళల బాపతే కాబట్టి రేపట్నుంచి ఆపేస్తానన్నాడు. "ఆగు బాబాయ్, గుండె డాక్టరుగారిని అడక్కుండా ఆపకు" అని గట్టిగా చెప్పాను. ఆయన అడిగితే ఆస్పిరిన్ ఆపొద్దన్నారు, పొద్దున పరగడుపున ఒక గ్యాస్ బిళ్ళ జత చేశారు.